రాయలసీమ పొడి నేలల పక్షులు: పచ్చదనం పెరిగే కొద్దీ ఇవి ఎందుకు తగ్గుతున్నాయి?

క్లుప్తంగా: రాయలసీమ మెట్ట నేలల్లో బతికే బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్), కలివికోడి (జెర్డాన్స్ కోర్సర్), పొలంక పిట్ట (శాండ్‌గ్రౌస్), భరత పక్షి (లార్క్) లాంటివి చెట్ల మీద ఆధారపడినవి కావు. గుడ్డు పెట్టడం, తిండి వెతుక్కోవడం, దాక్కోవడం అన్నీ నేల మీదే, అదీ పొట్టి గడ్డీ పొదలూ ఖాళీ మన్నూ కలిసి ఉన్న నేల మీదే జరుగుతాయి. కాలువ నీళ్లు, మొక్కల పెంపకం, కంచెలు, కరెంటు తీగలు ఈ నేల రూపాన్ని మార్చేస్తున్నాయి. దాంతో కొత్త పక్షులు వచ్చి చేరుతున్నాయి, ఇక్కడివి మాత్రం పోతున్నాయి.

చెరువు నింపితే కొంగలు వస్తాయి. చెట్లు నాటితే చిలకలు, గోరింకలు వస్తాయి. దీన్ని చూసి పక్షులకు మేలు జరుగుతోందని అనుకోవడం సహజమే, లెక్క వేస్తే మొత్తం పక్షుల సంఖ్య పెరిగినట్టు కూడా కనిపించవచ్చు. అయితే వచ్చిన కొంగ దేశంలో ఎక్కడైనా బతకగలదు, పోయిన బట్టమేక పిట్టకు మాత్రం వేరే చోటు లేదు. ఎన్ని పక్షులున్నాయి అన్నదానికంటే ఏ పక్షులున్నాయి అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. దానికి జవాబు తెలియాలంటే ముందు ఎండలో పక్షి ఒళ్లు ఎలా పనిచేస్తుందో చూడాలి.

చెమట పట్టని ఒళ్లు

మనిషి ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గర ఉంటే పక్షులది మామూలుగానే 40 నుంచి 42 డిగ్రీల దాకా ఉంటుంది. ఇది ఒక రకంగా లాభమే, ఎందుకంటే చుట్టూ ఉన్న గాలి 38 డిగ్రీలకు చేరినా పక్షి ఒంట్లోని వేడి ఇంకా బయటికి పోతూనే ఉంటుంది. చిక్కంతా ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం గాలి 42 డిగ్రీలు దాటినప్పుడే. అప్పుడు వేడి బయటి నుంచి ఒంట్లోకి రావడం మొదలవుతుంది, దాన్ని వదిలించుకోవడానికి నీటిని ఆవిరి చేయడం తప్ప వేరే మార్గం ఉండదు.

పక్షులకు స్వేద గ్రంథులు లేవు. అందుకే నోరు తెరిచి వగరుస్తాయి. రాత్రి పూట తిరిగే నైట్‌జార్ల లాంటి పక్షులు గొంతు కింది పలుచటి చర్మాన్ని వేగంగా ఆడిస్తాయి, దీనికి వగర్చడం కంటే తక్కువ శక్తి చాలు. పావురాలు, గువ్వలు చర్మం మీదుగానే నీటిని ఆవిరి చేయగలవు. ఏ పద్ధతిలోనైనా ఖర్చయ్యేది నీరే, పొడి నేలలో దొరకనిదీ అదే. కాబట్టి నీటిని ఖర్చు పెట్టడం కంటే ఖర్చు పెట్టే అవసరం రాకుండా చూసుకోవడమే ఈ పక్షుల అసలు నేర్పు. పొద్దున్నే తిండి చూసుకుని, ఎండ ముదిరేసరికి ఒక రాయి నీడలోనో గడ్డి దుబ్బు కిందో కదలకుండా ఉండిపోయి, సాయంత్రం మళ్లీ బయల్దేరతాయి. చాలా జాతులు తమ ఒంటి వేడిని కాసేపు కొన్ని డిగ్రీలు పెరగనిచ్చి, చల్లబడ్డాక దించుకుంటాయి, ఆ మేరకు నీళ్లు మిగులుతాయి. మూత్రాన్ని కూడా ద్రవంగా కాకుండా యూరిక్ ఆమ్లంగా, తెల్లటి ముద్దలా విసర్జిస్తాయి కాబట్టి అక్కడా ఆదా అవుతుంది.

భరత పక్షుల కుటుంబం మీద జరిగిన పరిశోధనల్లో ఇంకో సంగతి తేలింది. ఎడారుల్లో బతికే జాతుల ఒంట్లో శక్తి ఖర్చయ్యే వేగం తేమ ప్రాంతాల్లోని జాతుల కంటే తక్కువ. నెమ్మదిగా మండే ఒళ్లు తక్కువ వేడి పుట్టిస్తుంది, తక్కువ నీరు కోల్పోతుంది, తక్కువ తిండితో గడుపుకుంటుంది. అంటే పొడి నేలను ఇవి కష్టపడి భరించడం లేదు, దానికి సరిపోయేలా తయారయ్యాయి.

నీళ్ల కోసం రెండు దారులు

అనంతపురంలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వాన పడే చోట్లలో ఇదొకటి. అక్కడ నీటి సమస్యను పక్షులు రెండు రకాలుగా తీర్చుకుంటాయి, ఏ దారి పట్టాలన్నది అవి తినే తిండే నిర్ణయిస్తుంది.

పల్లెల్లో పొలంక పిట్ట అని పిలిచే శాండ్‌గ్రౌస్ ఎండిన గింజలు తింటుంది. గింజలో తేమ దాదాపు ఉండదు, కాబట్టి అది కుంటకు వెళ్లక తప్పదు. ఎంత దూరమైనా గుంపులుగా ఎగిరొచ్చి, చుట్టూ అడ్డం లేకుండా కనిపించే ఒడ్డున దిగి, గబగబా తాగి వెళ్లిపోతాయి. అసలు వింత పిల్లలు పుట్టాక మొదలవుతుంది. ఇంకా ఎగరలేని పిల్లలకు నీళ్లు మగ పక్షి తెస్తుంది, తెచ్చేది ముక్కుతో కాదు, కడుపు కింది ఈకలతో. ఆ ఈకల్లోని సన్నటి పోగులు పొడిగా ఉన్నప్పుడు చుట్టలు చుట్టుకుని ఉంటాయి, తడవగానే విప్పారి నీటిని తమ మధ్య పట్టేసుకుంటాయి. ఆఫ్రికాలోని నమాక్వా శాండ్‌గ్రౌస్ ఇలా సుమారు 25 మిల్లీలీటర్ల నీటిని మోయగలదని కొలిచారు, అది దాని బరువులో దాదాపు ఏడో వంతు. మగ పక్షి వచ్చి నిటారుగా నిలబడితే పిల్లలు ఆ ఈకలను చప్పరించి నీళ్లు తాగుతాయి.

రెండో దారి పురుగులు తినేవాళ్లది. మిడతలోనూ పేడపురుగులోనూ బల్లిలోనూ బోలెడు తేమ ఉంటుంది, తిండితో పాటే నీరు కూడా దొరికిపోతుంది. బట్టమేక పిట్ట ఈ కోవలోదే. నీళ్లు కనిపిస్తే తాగుతుంది గానీ, రోజూ కుంట వెతుక్కోవలసిన అవసరం దానికి లేదు. మిడతలు, పురుగులు, బల్లులతో పాటు రేగుపండ్లు, చేలలో వేరుశనగ, గింజలు కూడా తింటుంది. కలివికోడికి చెదలు, చీమలే ప్రధానమైన తిండి.

ఇక్కడే ఒక మెలిక ఉంది. తిండి నుంచే నీరు పొందే పక్షికి పురుగులు పోవడమంటే ఆకలితో పాటు దాహం కూడా. చేలో పురుగు మందులు పెరిగినప్పుడు ఈ పక్షులకు రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి, పక్కనే నిండుగా రిజర్వాయర్ ఉన్నా దానితో ఆకలి తీరదు.

గుడ్డు నేల మీద, ఎండలో

చెట్టు లేని చోట గూడు నేల మీదే పెట్టాలి. తీతువు గులకరాళ్ల మధ్య చిన్న గుంట చేసి మన్ను రంగు మచ్చల గుడ్లు పెడుతుంది, రెండడుగుల దూరంలో నిలబడి చూసినా అవి కనిపించవు. శత్రువు కంట పడకపోవడం సగం పనే. మిగతా సగం ఎండ. నేల 50 డిగ్రీలు దాటే మధ్యాహ్నాల్లో గుడ్డును వదిలేస్తే లోపలి పిండం కొద్దిసేపట్లోనే చచ్చిపోతుంది. అందుకే వేసవిలో గూటి మీద కూర్చున్న పక్షి చాలాసార్లు గుడ్డుకు వెచ్చదనం ఇవ్వడం లేదు, నీడ ఇస్తోంది. తీతువు నీళ్లకు వెళ్లి కడుపు ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది కూడా.

అలా కూర్చున్న పక్షిని మనిషో కుక్కో లేపితే ఏమవుతుందో ఊహించవచ్చు. గుడ్డును ఎవరూ తొక్కనక్కర్లేదు, ఎత్తుకుపోనక్కర్లేదు, తల్లి ఎక్కువసేపు దూరంగా ఉంటే ఎండే ఆ పని చేస్తుంది. ఫొటోల కోసం గూళ్ల దగ్గరకు వెళ్లకూడదని పక్షి నిపుణులు గట్టిగా చెప్పేది ఇందుకే.

బట్టమేక పిట్ట పరిస్థితి మరీ సున్నితం. మామూలుగా ఒక్కటే గుడ్డు. దాదాపు నాలుగు వారాలు ఆడ పక్షి ఒక్కతే పొదుగుతుంది, మగది ఆ పనిలో పాలుపంచుకోదు. ఎక్కువ కాలం బతికే పెద్ద పక్షికి ఏడాదికో గుడ్డు చాలు, పెద్దవి చావనంత వరకు. పెద్దవి చావడం మొదలైతే ఆ లోటును ఒక్కో గుడ్డుతో పూడ్చడం కుదరదు.

చెట్లు నాటడం ఇక్కడ ఎలా చేటు చేస్తుందో కూడా గూటి దగ్గరే తెలుస్తుంది. విశాలమైన బీడులో కాకికి కూర్చునే చోటు ఉండదు, కాబట్టి నేల మీది గూళ్లు దాని కంట పడటం కష్టం. అదే బీడులో నాలుగు వరసల చెట్లు లేదా స్తంభాలు లేచాయంటే, అక్కడ కూర్చుని ఎక్కడి నుంచి తల్లి పక్షి లేస్తోందో తీరిగ్గా చూడవచ్చు. సర్కారు తుమ్మ అయితే ఇంకా ఘోరం. అది పాకిన చోట గడ్డి ఉండదు, దూరం నుంచి వచ్చే ప్రమాదాన్ని చూసి తప్పించుకునే పక్షికి ఆ చూపే మూసుకుపోతుంది.

రాత్రి పూట బతికే కలివికోడి

ఎండను తప్పించుకోవడానికి ఇంకో మార్గం అసలు పగలే బయటికి రాకపోవడం. కలివికోడి అదే చేస్తుంది, శాస్త్రవేత్తలకు అంతకాలం దొరకకపోవడానికి అదీ ఒక కారణమే. 1848లో థామస్ జెర్డాన్ దీన్ని మొదట నమోదు చేశాడు, 1900 తర్వాత నమ్మదగిన ఆచూకీ లేదు, అంతరించిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర రాత్రి పూట పక్షులు పట్టే ఒక స్థానికుడికి ఇది చిక్కింది. పగటి పూట ఎంత తిరిగినా దొరకని పక్షి, చీకట్లో ఆ చిట్టడవిని ఎరిగిన మనిషికి దొరికింది. దీని కోసమే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

ఆ తర్వాత పరిశోధకులు వాడిన పద్ధతులు కూడా స్థానికుల వేట పద్ధతులకు దగ్గరగానే ఉన్నాయి. పొదల మధ్య మెత్తటి మన్ను పట్టీలుగా పరిచి తెల్లారాక అడుగుజాడలు చూడటం, సాయంత్రం చీకటి పడే వేళ దాని అరుపును టేపులో వినిపించి జవాబు కోసం ఆగడం. అలా తెలిసిన ముఖ్యమైన విషయం ఏమిటంటే దీనికి దట్టమైన పొద పనికిరాదు, బోడి నేలా పనికిరాదు. హెక్టారుకు 300 నుంచి 700 దాకా పెద్ద పొదలు, వాటి మధ్య పరిగెత్తడానికి ఖాళీ మన్ను ఉన్న చోట ఇది ఎక్కువగా కనిపించింది. పశువులు తిరిగే, కాస్త కట్టెలు కొట్టే చోట్ల ఇలాంటి పొదల నేల నిలుస్తుంది. మరీ ఎక్కువ మేస్తే పొదలు పోతాయి, పూర్తిగా ఆపేస్తే పొదలు కమ్ముకుంటాయి. కాపలా పెట్టి అందరినీ బయటికి పంపేస్తే చాలు అనుకునే సంరక్షణకు ఈ పక్షి లొంగదు.

తెలుగుగంగ కాలువ పనులు దీని నివాసంలోకి వచ్చినప్పుడు ఆందోళన మొదలైంది, కోర్టు కేసుల తర్వాత కాలువ మార్గాన్ని మార్చారు. సీమకు ఆ నీరు ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. కాలువనూ పక్షినీ రెండింటినీ నిలబెట్టడానికి మార్గం ఉందని ఆ మార్పు చూపించింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఈ పక్షి జాడ లేదు, 2025లో ఆంధ్రప్రదేశ్‌లోనే దీని అరుపు మళ్లీ రికార్డయింది.

రోళ్లపాడు చెప్పే సంగతి

నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలోని రోళ్లపాడును 1988లో బట్టమేక పిట్ట కోసమే అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. ఒకప్పుడు దక్షిణాదిలో ఈ పక్షిని చూడాలంటే ఇదే చోటు. ఇప్పుడు ఏళ్ల తరబడి అక్కడ స్థిరంగా ఉంటున్న బట్టమేకలు లేవు. అభయారణ్యం ఉంది, కంచె ఉంది, కాపలా ఉంది, పక్షి లేదు. దీన్ని జాగ్రత్తగా విడదీసి చూడాలి.

మొదటి కారణం, మీటరు ఎత్తుండి మగది 15 కిలోల దాకా తూగే పక్షికి ఆరు చదరపు కిలోమీటర్లు ఏ మూలకీ చాలవు. అది ఎప్పుడూ అభయారణ్యంలో కొంత, చుట్టూ ఉన్న మెట్ట పొలాల్లో కొంత బతికింది. కొర్ర, జొన్న, వేరుశనగ చేలు, ఏడాది పాటు వదిలేసిన బీళ్లు దాని మేత నేలలు. అలగనూరు రిజర్వాయర్ లాంటి వాటితో నీళ్లు వచ్చాక ఆ చుట్టుపక్కల పంటలు మారాయి. బీడు వదిలే అలవాటు పోయింది, ఏడాది పొడవునా పొలంలో మనిషి అలికిడి, మందులు, మోటార్లు. రైతును తప్పు పట్టడానికి ఇందులో ఏమీ లేదు. నీళ్లొస్తే ఎవరైనా రెండో పంట వేస్తారు. చిరుధాన్యాలు పండించినందుకూ బీడు వదిలినందుకూ రైతుకు తగినంత డబ్బు వచ్చే ఏర్పాటు లేకపోవడమే లోపం.

రెండో కారణం కంచె లోపలిది. మేత ఆపేశాక గడ్డి ఎత్తుగా, చిక్కగా పెరిగింది. మగ బట్టమేక గొంతు సంచిని ఉబ్బించి, దూరానికి వినిపించే బరువైన కూత కూస్తూ ఆడపక్షులను ఆకట్టుకునేది పొట్టి గడ్డి ఉన్న తెరిపి నేలలో. లెస్సర్ ఫ్లోరికన్ అనే నేల నెమలిది పూర్తిగా వేరే పద్ధతి. వానాకాలంలో వచ్చే ఈ చిన్న పక్షికి ఎత్తు గడ్డే కావాలి, మగది ఆ గడ్డిలోంచి పైకి ఎగిరెగిరి దూకుతూ, రోజులో వందల సార్లు, తన ఉనికిని చాటుకుంటుంది. గూటికి ఒక ఎత్తు గడ్డి, ఆటకు ఒక ఎత్తు, మేతకు ఇంకో ఎత్తు. మేకలూ గొర్రెలూ ఒక చోట మేసి ఇంకో చోట వదిలేస్తూ తిరిగినప్పుడు ఈ హెచ్చుతగ్గులు వాటంతటవే ఏర్పడేవి. కంచె వాటిని ఒకే ఎత్తుకు తెచ్చింది.

మూడోది మనుషుల మధ్య సంబంధం. రక్షణ దొరికాక కృష్ణజింకలు బాగా పెరిగాయి, చుట్టుపక్కల చేలల్లో పడ్డాయి. పంట పోయిన రైతుకు అభయారణ్యం మీద కోపం వచ్చింది. ఆ కోపం జింకతో ఆగదు, బట్టమేక గూడు కనిపిస్తే కబురు చెప్పే మనిషి కూడా దూరమవుతాడు.

చలికాలంలో మధ్య ఆసియా వైపు నుంచి వచ్చే పిల్లిగద్దలకూ రోళ్లపాడు పేరున్న చోటే. పగలు చేల మీద తక్కువ ఎత్తులో ఎగురుతూ మిడతలను పట్టి, రాత్రికి గడ్డిలో నేల మీదే గుంపుగా పడుకుంటాయి. వాటి సంఖ్య కూడా అక్కడ తగ్గింది. వేల కిలోమీటర్ల నుంచి వచ్చే పక్షి కూడా ఆ ఊరి పంటల మార్పుకు ముడిపడి ఉంటుంది.

ఒకే తీగ, రెండు పక్షులు

కరెంటు తీగల విషయంలో పోలిక బాగా పనికొస్తుంది. పాలపిట్టకు తీగ మంచి మంచె, దాని మీద కూర్చుని కింద కదిలే పురుగును చూసి దూకుతుంది. బట్టమేకకు అదే తీగ చావు. దాని కళ్లు తలకు పక్కలకు ఉంటాయి. చుట్టూ ఉన్న మైదానం బాగా కనిపిస్తుంది, సూటిగా ముందు ఉన్నది సరిగా కనిపించదు. కనిపించినా అంత బరువుతో వేగంగా ఎగిరే పక్షి చివరి క్షణంలో పక్కకు తిరగలేదు. లక్షల ఏళ్లుగా ఆ మైదానాల ఆకాశంలో అడ్డం ఏదీ లేదు కాబట్టి ముందుకు చూసుకుని ఎగరాల్సిన అవసరం దానికి రాలేదు.

2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజస్థాన్, గుజరాత్‌లలో ఈ పక్షి తిరిగే చోట్ల వీలైనంత వరకు తీగలను భూమిలోంచి వేయాలని ఆదేశించింది. ఖర్చు, సాంకేతిక ఇబ్బందులు, సౌర విద్యుత్తు అవసరం ముందుకొచ్చాక 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సవరించి, ఎక్కడెక్కడ ఏం చేయాలో తేల్చడానికి నిపుణుల కమిటీ వేసింది. ఎండ బాగా కాసే, చెట్లు తక్కువగా ఉండే, భూమి చవకగా దొరికే చోటే సోలార్‌కు అనుకూలం. బట్టమేకకు కావలసిన చోటూ సరిగ్గా అదే. కర్నూలు ప్రాంతంలో గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పనిచేయడం మొదలుపెట్టింది, సీమ అంతటా గాలిమరలు, తీగలు పెరుగుతున్నాయి. బొగ్గు తగ్గాలంటే ఇవి అవసరమే. కానీ ఏ బీడులో పెట్టాలి, ఏది వదిలేయాలి అనే ఎంపిక ముందే జరగాలి, స్తంభాలు పాతాక కాదు.

రికార్డుల్లో బంజరు

ఈ ఎంపిక జరగకపోవడానికి పాలనాపరమైన కారణం ఒకటుంది. ఇలాంటి నేలల్లో చాలా భాగం ప్రభుత్వ లెక్కల్లో బంజరు భూమి. అడవి అయితే దాన్ని వేరే పనికి మళ్లించడానికి అనుమతులు కావాలి, పరిహారంగా వేరే చోట మొక్కలు నాటాలి. బంజరుకు ఆ అడ్డంకులు లేవు. విచిత్రమేమిటంటే అడవి పోయినందుకు పరిహారంగా నాటే మొక్కలు కూడా చాలాసార్లు ఈ గడ్డి నేలల్లోకే వస్తాయి. అంటే అడవి పోయినా గడ్డి నేలే నష్టపోతోంది, అడవిని పెంచినా గడ్డి నేలే నష్టపోతోంది.

ఇలాగే సాగితే ఏ పక్షులు మిగులుతాయో అంచనా వేయడం కష్టం కాదు. తీతువు, నెమలి లాంటివి మారిన పొలాల్లోనూ సర్దుకుంటాయి. పొలంక పిట్టలు, భరత పక్షులు మిగిలిన బీళ్లలో తగ్గుతూ ఉంటాయి. పెద్ద పక్షులు, ఒక్కో గుడ్డు పెట్టేవి, ప్రత్యేకమైన పొదల నేల కావలసినవి ముందు పోతాయి, రోళ్లపాడులో అదే వరుస కనిపించింది.

బాగు చేయడానికి చేయాల్సినవి మరీ పెద్ద పనులేమీ కావు. గడ్డి నేలను బంజరు కాకుండా గడ్డి నేలగానే రికార్డు చేయడం, అక్కడ చెట్లు నాటడం ఆపి సర్కారు తుమ్మను తీసేయడం, మేతను నిషేధించకుండా కాపరులతో మాట్లాడి వంతులవారీగా తిప్పడం, గూళ్లు పెట్టే నెలల్లో కుక్కలను అదుపులో ఉంచడం, చిరుధాన్యాలు వేసే రైతుకు, జింకల వల్ల పంట పోయిన రైతుకు వేళకు డబ్బు అందేలా చూడటం. వీటిలో కొన్నింటికి జీవో చాలు, కొన్నింటికి ఊరి నమ్మకం కావాలి, రెండోదానికి ఎక్కువ కాలం పడుతుంది.

రాజస్థాన్‌లోని సంరక్షణ కేంద్రాల్లో బట్టమేక పిల్లలను పెంచుతున్నారు, 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణ ద్వారా మొదటి పిల్ల కూడా పుట్టింది. బయట బతికి ఉన్నవి 150 లోపే అనే అంచనా ఉన్నప్పుడు అది చాలా పెద్ద విజయం. ఆ పిల్లలు పెరిగాక వదలడానికి తీగలు లేని, పురుగులున్న, హెచ్చుతగ్గుల గడ్డి ఉన్న విశాలమైన నేల కావాలి. ఎప్పుడో ఒకప్పుడు ఆ జాబితాలో రోళ్లపాడు పేరు రావాలంటే చుట్టుపక్కల మిగిలిన బీళ్ల సర్వే ఇప్పుడే జరగాలి, కొత్త లైన్ల మార్గాలు ఖరారు కాకముందే.